జపాను తోటలో మా అప్ప వేసిన పందెం

ఈ సంగతిని వ్రాసి ఉంచవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పడం మర్యాద. మలేషియాలోని ఇపో నగరంలో, జపాను తోటలో మా అప్పకూ (మా వైపు అక్కను అప్ప అంటాం) నాకూ మధ్య దాదాపు తొమ్మిది నెలల పాటు నడిచిన పందెం గురించి మా బంధువులలో అప్పుడే రెండు కథలు ప్రచారంలోకి వచ్చాయి. మా మేనల్లుడు చెప్పే కథలో నేను నలుగురు చూస్తూండగా పూలచెట్టు కింద కంటతడి పెట్టుకొన్నాను. నా భార్య చెప్పే కథలో ఆ చెట్టు పూచిన ఉదయం నేను ఒక కాలికి ఒక చెప్పు, మరొక కాలికి మరొక చెప్పు తొడుక్కొని వీధిలోకి పరుగెత్తాను. రెండింటిలోనూ కొంత నిజమూ, దానికి మించిన అలంకారమూ ఉన్నాయి. ఉద్యోగమంతా రైల్వేలో స్టేషను మాస్టరుగా గడిపినవాణ్ణి నేను. ఏ బండి ముందు వచ్చింది, ఏ బండి తరువాత వచ్చింది అనే వరుస తారుమారైతే నాకు అన్నం సహించదు. అందుచేత జరిగినది జరిగిన క్రమంలో వ్రాస్తున్నాను.

రెండవ కారణం కూడా ఉంది. ఉగాది సభలో ఒక యువకుడు, ఆంధ్రదేశం నుంచి ఈమధ్యనే కంప్యూటర్ల ఉద్యోగానికి వచ్చినవాడు, మర్యాదగానే నన్ను అడిగాడు: "మలేషియాలో ఋతువులే లేవు కదండీ, మరి మీకు ఉగాది వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" ఆ పూట నాకు సమాధానం తోచలేదు. పంచాంగం చూసి తెలుసుకొంటామని ఏదో అన్నాను. ఇప్పుడైతే సమాధానం ఉంది. అది కొంచెం పెద్దది.

మేము సుంగై సుమున్ ప్రాంతపు కొబ్బరి ఎస్టేటులో పుట్టినవాళ్ళం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చారు. ఎస్టేటు బడిలో మాకు ఆరు ఋతువులను వరుసగా వల్లె వేయించారు. వసంతంలో చెట్లు చిగురిస్తాయి, శిశిరంలో ఆకులు రాలుతాయి అని నేను తడుముకోకుండా చెప్పి మార్కులు తెచ్చుకొన్నాను గాని, కిటికీ బయట చూస్తే ఏడాది పొడుగునా అవే కొబ్బరిచెట్లు, అవే ఆకులు. ఋతువులనేవి పరీక్ష కోసం ఏర్పడినవని చాలాకాలం అనుకొన్నాను. ఆ బడికి నన్ను చంకన వేసుకొని తీసుకువెళ్ళినది మా అప్ప. నాకంటే ఆరేళ్ళు పెద్దది. మూడవ తరగతితో ఆమె చదువు ఆగింది. ఆ తరువాత కలుపు తీసే పనిలో చేరి, ఆ కూలితోనే నా చదువుకు ఊతమిచ్చింది. ఇప్పుడామె తన కొడుకుతో సుంగై సుమున్‌లోనే ఉంటున్నది. నేనూ నా భార్యా ఇపోలో స్థిరపడ్డాం.

పదవీ విరమణ తరువాత నాకు జపాను తోట అలవాటయింది. ఇది మా పట్టణపు పెద్ద పార్కులో ఒక మూలన గోడ కట్టి పెంచిన చిన్న తోట. జపాను దేశాన్ని నేను చూడలేదు. కాని ఈ తోటను తీర్చిదిద్దినవారి మనస్సు నాకు మొదటి రోజే బోధపడింది. పొదలు గుండ్రంగా కత్తిరించి ఉంటాయి. గులకరాళ్ళు దువ్వినట్టు గీతలుగా పరచి ఉంటాయి. కొలను మధ్య వంపు తిరిగిన చిన్న వంతెన, ఒడ్డున రాతి దీపం, వెదురు పొద, కూర్చోవడానికి చెక్క మండపం. ఏ రాయి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆ క్రమశిక్షణను లక్ష్యపెట్టనివి ఇవి మాత్రమే: బయటి గేటు పక్కన వరుసగా ఉన్న టెకోమా చెట్లు. జపాను వారి సకూరా అనే చెర్రీ పూల చెట్టుకు చలి కావాలట. మాకు చలి లేదు కాబట్టి దాని స్థానంలో వీటిని నాటారు. జనం వీటిని మలేషియా సకూరా అంటారు. ఇవి ఎప్పుడు పూస్తాయో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. పూచాయంటే నాలుగైదు రోజులే. ఆలస్యంగా వచ్చే బండినైనా నేను క్షమించగలను గాని, టైంటేబిలే లేని బండిని జీవితంలో మొదటిసారి చూశాను.

ఇక అసలు సంగతి. కొత్త సంవత్సరం వచ్చిన కొద్దిరోజులకు మా మేనల్లుడు అప్పను కారులో ఇపోలోని పెద్దాసుపత్రికి తీసుకువచ్చాడు. పామాయిలు మిల్లులో మెకానిక్కు అతడు. నేనూ నా భార్యా అక్కడికి వెళ్ళాం. పడుచు డాక్టరమ్మ ఎంతో ఓపికగా పరీక్షించి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, కుడికంటికి ముందు ఆపరేషను చేయించుకోవాలనీ, ఆలస్యం చేస్తే శుక్లం గట్టిపడి పని కష్టమవుతుందనీ మలాయి భాషలో చెప్పింది. అప్ప మలాయి బాగా మాట్లాడుతుంది. ఆలోచించుకొని చెబుతానని డాక్టరమ్మకు వినయంగా బదులిచ్చి, చెప్పులు తొడుక్కొని బయటికి వచ్చేసింది.

"ఆలోసించడానికి ఏటున్నాది అమ్మా? సిన్న ఆపరేషన్ లా. సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు" అన్నాడు మేనల్లుడు నడవలో, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' చేర్చి.

"సిన్నదో పెద్దదో, కన్ను నీదేటి, నాదేటి? మీ అమ్మమ్మకి కూడా సిన్నదే అని సెప్పినారు."

మా అమ్మకు ఎస్టేటు రోజులలో కంటికి ఏదో కోత చేశారు. కట్టు విప్పిన తరువాత ఆ కంటికి వెలుగు కూడా కనిపించలేదు. అమ్మ కన్నుమూసేవరకు ఆమె చేయి పట్టుకొని బావి దగ్గరకూ పెరటిలోకీ నడిపించినది అప్పయే. కాలం మారింది, వైద్యం మారింది అని నేను ఎన్ని విధాల వివరించినా ఆ చేయి పట్టుకొన్న మనిషికి ఏమి చెప్పగలను?

కొంచెం గాలి పీల్చుకొంటుందని ఆ సాయంత్రం అప్పను జపాను తోటకు తీసుకువెళ్ళాం. మండపంలో కూర్చోబెట్టాం. ఆమె కొలను వైపు కాసేపు చూసి, "ఏటిరా తమ్ముడా, నువ్వు ఇంత సుబ్బరం అని సెప్పినావు, నీళ్ళ నిండా ఎండుటాకులే. ఊడిసేవోడు లేడేటి?" అంది.

"ఆకులు కావు అప్పా. చేపలు. ఎర్రవీ తెల్లవీ ఉన్నాయి. ఒక్కొక్కటి మూరెడు."

"అదేటి మరి. ఆకులు ఎదురీదుతన్నాయేటా అని నానూ అనుకుంతన్నాను."

నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. అప్ప కూడా నవ్వింది. నేను నవ్వలేదు. గేటు వైపు చేయి చూపించి, ఆ చెట్లు ఎండలు ముదిరిన తరువాత పూస్తాయనీ, అప్పుడు ఒక్క ఆకు కూడా లేకుండా చెట్టంతా పువ్వే అవుతుందనీ చెప్పాను.

"అప్పుడు నువ్వు రావాలి. కాని చూడలేవు."

"ఎందుకు సూడలేను? ఇంత సెట్టు కనపడదేటి?"

"చెట్టు కనిపిస్తుంది. పువ్వు కనిపించదు."

"కనిపిస్తే?"

"నీ కంటి మాట మళ్ళీ నా నోట రాదు."

"కనపడకపోతే ఆ డాక్టరు దగ్గరకి నానే నడిసెల్తాను. ఎవులూ సెయ్యి పట్టుకోనక్కర్లేదు. పందెం. సెట్టుమీద ఉన్నప్పుడు పిలు, రాలిపోనాక పిలవకు."

"నాను సాచ్చం వదినా" అంది నా భార్య.

ఇంటికి చేరిన తరువాతగాని నేను అన్నమాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. నేను పందెంలో పెట్టినది మా అప్ప చూపు. ఆమె పువ్వును చూడగలిగినా, చూశానని అబద్ధమాడినా నేను జీవితాంతం నోరు మూసుకోవాలి. చెట్టు పూయకపోతే పందెం తేలదు. తేలేవరకు శుక్లం ఆగదు. ఆనాటి నుంచి ఆ చెట్లు నాకు ఉద్యోగమయ్యాయి.

ఫిబ్రవరిలో ఎండలు పట్టుకొన్నాయి. నేను ప్రతి సాయంత్రం తోటకు వెళ్ళసాగాను. ఇంతకాలం ఈ దేశంలో మార్పు లేదనుకొన్న నా కళ్ళకు ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. కొలనులో నీటిమట్టం తగ్గి ఒడ్డు రాళ్ళ మీద ఆకుపచ్చ గీత బయటపడింది. వెదురు పొద పసుపుబారింది. పొదల కింద మన్ను పగిలింది. టెకోమా చెట్లు ఆకులు రాల్చసాగాయి. నేను వల్లె వేసిన శిశిరం నా ఎదుట, చెమటలు కారే ఎండలో, చెట్టు మీదినుంచి దిగివస్తున్నది. ఒక ఆకు నా భుజం మీద పడితే దులుపుకోబుద్ధి కాలేదు. ఆ రోజుల్లో నా భార్య అడిగేది: "ఏటండీ, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంత బేగి బయల్దేరేవోరు కాదు. సెట్టు మిమ్మల్ని రమ్మని కబురెట్టిందా?"

ఎండల మధ్య ఒక రాత్రి గట్టి వాన పడింది. ఆ తరువాతి వారంలో కొమ్మల కొసలకు గోధుమరంగు మొగ్గలు బొడిపెలుగా వచ్చాయి. నేను కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకొని చూశాను. ఉన్నాయి. ఇంటికి వచ్చి భోజనం దగ్గర ఆ సంగతి చెబుతూ పులుసులో పెరుగు పోసుకొన్నాను.

అవి విచ్చుకొన్న ఉదయం మా వీధి చివర ఉండే ముసలాయన, వ్యాయామానికి పార్కుకు వెళ్ళివచ్చేవాడు, మా గేటు దగ్గర ఆగి సకూరా వచ్చిందని కేక వేశాడు. నేను లేచి వెళ్ళాను. ఒక చెప్పు నల్లదీ, ఒక చెప్పు గోధుమరంగుదీ అన్నమాట నిజమే. అయితే ఎడమది ఎడమ కాలికే, కుడిది కుడి కాలికే ఉన్నదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

ఆ చెట్లను ఎలా వర్ణించాలో నాకు తెలియదు. నిన్నటి వరకు మొండి కొమ్మలు. ఈ ఉదయం ఆ కొమ్మల మీద లేత గులాబీరంగు గుత్తులు, ఒక్కొక్క పువ్వు గొంతులో పసుపు. గాలి వీచినప్పుడు పువ్వులు తొడిమ విడిచి గిరగిర తిరుగుతూ దిగుతున్నాయి. కార్లు ఆపి జనం దిగుతున్నారు. ఆసుపత్రి యూనిఫారంలోని ఆడపిల్లలు, పాల వ్యాను నడిపే అతను, తలకు ముసుగు కట్టుకొన్న అవ్వ ఒకామె, అందరూ తలలు పైకెత్తి ఒకే చెట్టును చూస్తున్నారు. ఇంతమంది ఒకే దిక్కుకు చూడటం నేను బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేటప్పుడు మాత్రమే చూశాను.

అక్కడినుంచే అప్పకు ఫోను చేశాను. మేనల్లుడు ఎత్తి ఆమెకు ఇచ్చాడు. నేను ఒక్క గుక్కలో వర్ణించాను. పత్రమన్నది లేదు, కొమ్మ కొమ్మకూ పుష్పగుచ్ఛాలు, నేల మీద గులాబీ తివాసీ పరచినట్టున్నది అన్నాను. ఇప్పుడే బయలుదేరమన్నాను.

"పూసిందా? మంచిది" అంది అప్ప తాపీగా. "ఉగాది ఎప్పుడు?"

"ఇంకా పది పన్నెండు రోజులుంది. ఉగాదితో ఏం పని?"

"పచ్చడి నోట్లో పడకుండా కొత్త పువ్వు ఎలగ సూస్తాను?"

ఇక్కడ చదువరులకు ఒక మాట చెప్పాలి. మా అమ్మ కాలం నుంచి మా ఇంట ఒక కట్టడి ఉంది. ఉగాది పచ్చడి తినేవరకు ఆ ఏటి కొత్త మామిడికాయను కొరకరాదు, కొత్త పువ్వును తుంచి తలలో పెట్టరాదు. నేను కూడా ఇప్పటికీ పాటిస్తాను. కాని చూడరాదని అమ్మ ఎన్నడూ అనలేదు. ఆ మాటే అన్నాను.

"కళ్ళతో తిన్నా తిన్నట్టేరా" అంది అప్ప.

"ఇది మన పువ్వు కాదు అప్పా. అమెరికా ఖండంలో పుట్టిన చెట్టు, జపాను తోటలో ఉంది. దానికి మన ఉగాది వర్తించదు."

"సెట్టుకి వర్తించదు. నాకు వర్తిస్తాది. నువ్వు స్టేసన్ మాస్టరువి గదా, జెండా ఊపకుండా బండి వొదిలేసినావేటి ఎప్పుడైనా?"

నా ఆయుధంతోనే నన్ను కొట్టింది. నిబంధన నిబంధనయే అని జీవితమంతా చెప్పినవాడిని ఏమనగలను? ఆమెకు భయం వేసి వాయిదా వేస్తున్నదని నాకు తెలుసు. అయినా ఆ భయానికి మా అమ్మ కట్టడిని గొడుగుగా పట్టుకొన్నప్పుడు ఆ గొడుగును లాగివేయడానికి నాకు చేయి రాలేదు.

పువ్వులు వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఉరుములతో పెద్ద గాలివాన వచ్చింది. ఉగాది నాటికి చెట్ల మీద లేత ఆకులు. మా పెరటి వేపచెట్టు ఆ ఏడు పూయకపోతే, అంగడిలో పొట్లం కట్టి అమ్మే ఎండిన వేపపువ్వుతోనే నా భార్య పచ్చడి చేసింది. అప్ప, మేనల్లుడు వచ్చారు. పచ్చడి తిని అందరం తోటకు వెళ్ళాం. అప్ప ఒంగి, నేల మీద తడిసి మన్ను పట్టిన పువ్వునొకదాన్ని వేళ్ళతో తడిమి పైకెత్తింది.

"ఇది రాలిపోనాది. సెట్టుమీద సూపిస్తానని గదా అన్నావు" అంది. ఆమె గొంతులో నిజంగానే కొంత విచారం ఉంది. మేనల్లుడు మాత్రం కారు తాళాలు గలగలలాడిస్తూ, "మావా, పువ్వూ పోయింది, పార్కింగ్ కూపనూ పోయింది. ఇంక జపాన్‌కే టికెట్ తీయాల లా" అన్నాడు.

టెకోమా ఒక్కొక్క సంవత్సరం రెండవసారి కూడా పూస్తుందని విన్నాను, ఆగస్టు సెప్టెంబరు ప్రాంతంలో. ఒక్కొక్క సంవత్సరం పూయదు. నాకున్న ఆశ అంతా ఆ ఒక్కొక్కటిలో ఉంది.

ఈలోగా అప్ప ఇంటినుంచి వచ్చే వార్తలు బాగా లేవు. అప్ప పోపులో ఆవాలనుకొని టీపొడి వేసింది. "కొత్త వంట, క్లాంగ్ టౌన్‌లో హోటలు పెట్టొచ్చు" అని మేనల్లుడు వెక్కిరించాడట. ఆ పూట అందరూ నవ్వారు. జూన్‌లో పెరటి మెట్టు కనిపించక పడి మోచేయి చీరుకుపోయింది. అప్పుడెవరూ నవ్వలేదు. నెలకొకసారి కంటి చుక్కల మందు కోసం ఇపో వచ్చేది. వచ్చినప్పుడల్లా తోటలో కూర్చునేవాళ్ళం. ఆపరేషను మాట నేను ఎత్తలేదు. పందెం నడుస్తూండగా ఎత్తడం నియమభంగం.

కాని ఆ నెలల్లో నేను నేర్చుకొన్నది బడిలో నేర్చుకొన్నదానికంటే ఎక్కువ. పనసలాంటి ఘాటైన డురియన్ పండ్ల కాలంలో పార్కు బయటి రోడ్డు మీద బండ్లు నిలిచి ఆ వాసన గోడ దాటి వచ్చేది. రాతి దీపం మీద ఉడుము ఎక్కి ఎండ కాచుకొనేది. జపాను తోటలో ఉడుముకు చోటు లేదని నేనంటే, అది మాత్రం తనకు ఇక్కడ మూడు తరాల హక్కున్నట్టు మెడ తిప్పి చూసేది. మధ్యాహ్నపు వానలు తగ్గుముఖం పట్టాక కలువలు లేచాయి. ఆ తరువాత సముద్రం అవతల తగలబడే అడవుల పొగ వచ్చింది. మేము దాన్ని జెరెబు అంటాం. ఏటేటా రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఏడు వచ్చింది. వంతెన మీద నిలబడితే గేటు కనిపించేది కాదు. అప్ప ముఖానికి మాస్కు కట్టుకొని మండపంలో కూర్చుని చుట్టూ చూసి నవ్వింది.

"ఇప్పుడు మీకందరికీ నా కళ్ళే వొచ్చినాయి. ఎలగున్నాదిరా?"

"బాగా లేదు అప్పా" అన్నాను.

"అలవాటైపోద్ది" అంది. ఆ మాట నాకు చాలా రోజులు వినిపిస్తూనే ఉండింది.

పొగ వచ్చేసరికి వానలు కూడా ఆగిపోయాయి. టెకోమా ఆకులు మళ్ళీ రాలాయి. నేను మళ్ళీ మొగ్గల కోసం మెడ నిక్కించి తిరిగాను. పొగవల్ల కంటికి కనిపించక, చేతికర్రతో ఒక కొమ్మను వంచబోయి తోటమాలి చేత మందలింపు కూడా పొందాను. ఒక రాత్రి వాన కురిసి పొగను కడిగివేసింది. ఆ వానకే చెట్లకు కబురు అందింది. కొన్నాళ్ళకు, సెప్టెంబరు చివరలో, నేను తెల్లవారగానే పార్కు మలుపు తిరిగేసరికి, కొట్టొచ్చినట్టు ఎదురుగా, వరుసలో మొదటి చెట్టు నిండా పూచి ఉంది. రెండవది సగం. మార్చిలో చూసినదానికంటే దట్టంగా ఉన్నట్టు అనిపించింది. నా వయస్సులో పరుగెత్తడం తగదు. కొంచెం పరుగెత్తాను.

ఈసారి ఫోనులో ఉగాది ప్రసక్తి రాలేదు. పచ్చడి తిని ఆరు నెలలయింది. "వొస్తన్నాం" అని ఒక్క మాట అంది అప్ప. మేనల్లుడు మిల్లులో సెలవు అడిగాడు. దారి దాదాపు రెండు గంటలు. ఆ రెండు గంటలలో నేను ఆకాశం వైపు చూసినన్ని సార్లు సిగ్నల్ వైపు ఎన్నడూ చూడలేదు. పడమట మబ్బు పట్టింది. ఒక గాలి వచ్చి కొన్ని పువ్వులను రాల్చింది. రాలిన ప్రతి పువ్వునూ నేను నష్టంగా భావించాను.

వాళ్ళు వచ్చారు. పార్కింగు దొరకక మేనల్లుడు అప్పను మా దగ్గర దింపి, కారు దూరాన ఆపడానికి వెళ్ళాడు. జనం గుంపులుగా ఉన్నారు. నా భార్య, నేను ఆమెకు చెరొక పక్కన నడిచాం. ఆమె మాత్రం ఎవరి చేయీ పట్టుకోలేదు. చెట్ల వరుస ముందు నిలబడి తల పైకెత్తింది. చాలాసేపు అలాగే ఉంది. ఆమె ముఖం మీద చిరునవ్వు వచ్చింది.

"కనపడతన్నాది" అంది.

సంతోషించవలసినవాడిని కదా, మా అప్పకు పువ్వు కనిపిస్తే? సంతోషం రాలేదు.

"ఏం కనిపిస్తోంది, చెప్పు."

"లేత గులాబీ రంగు. గొంతులో పసుపు. పత్రమన్నది లేదు. కొమ్మ కొమ్మకూ పుష్పగుచ్ఛాలు. నేల మీద తివాసీ పరిసినట్టున్నాది."

మా అప్ప పుట్టి బుద్ధెరిగిన తరువాత పత్రమని గాని, పుష్పగుచ్ఛమని గాని అన్న మనిషి కాదు. ఆకు అంటుంది, పూలగుత్తి అంటుంది. అవి నా మాటలు. మార్చిలో నేను ఫోనులో ఒక్క గుక్కలో చెప్పినవి. ఆరు నెలలు వాటిని మనస్సులో దాచుకొని, అవసరమైన నాడు అప్పజెప్పింది. ఎస్టేటు బడిలో నేను ఆరు ఋతువులు అప్పజెప్పినట్టే.

నేను నోరు తెరవకముందే నా భార్య మెల్లగా అంది: "వదినా, సెట్టు ఇటేపు ఉన్నాది. నువ్వు సూస్తన్నది లైటు స్తంభం."

అప్ప తల ఇటు తిప్పింది. మళ్ళీ అటు తిప్పింది. మా పక్కన ఫొటో తీసుకొంటున్న కాలేజీ పిల్లలిద్దరు మమ్మల్ని చూసి ఆగిపోయారు. ముందుగా నవ్వినది అప్పయే. నడుం పట్టుకొని, వంగి, ఆగి ఆగి నవ్వింది. నా భార్య నవ్వింది. అప్పుడే చేరిన మేనల్లుడు ఏమయిందో తెలియకపోయినా నవ్వాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాను. తెల్లవారుజామున పడిన చినుకులకు పైన కొమ్మలలో ఇంకా తడి ఉంది, చుక్కలు పడుతూనే ఉన్నాయి. మేనల్లుడి కథకు మూలం ఇంతే.

నవ్వు ఆగిన తరువాత అప్ప గట్టు మీద కూర్చుంది.

"తెల్లగా, పొగలాగ ఏదో ఉన్నాది. అంతే కనపడతన్నాది" అంది. తరువాత, "అమ్మకి కట్టు ఇప్పినప్పుడు నానే ఎదురుగ ఉన్నాన్రా. నన్ను పట్టుకొని, దీపం ఎట్టలేదేటి అని అడిగింది. పట్టపగలు" అంది.

పువ్వులు ఆమె తల మీదా ఒడిలోనూ పడుతున్నాయి. ఆమె ఒకదాన్ని తీసి వాసన చూసింది.

"అప్పా, పందెం వదిలేద్దాం. నీ ఇష్టం ఎలా ఉంటే అలా చెయ్యి" అన్నాను. నియమాలంటే ప్రాణం పెట్టే నేను ఆ మాట అన్నానంటే నా భార్యకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"సాల్లే. ఓడిపోనాక వొదిలేద్దామంటే ఎలగ? పందెం పందెమే. ఆ డాక్టరమ్మ ఇయాల ఉంటాదా?"

ఆ సాయంత్రమే వెళ్ళాం. అన్నమాట ప్రకారం ఆసుపత్రి మెట్లు ఆమె ఒక్కతే ఎక్కింది. మేము వెనుక నడిచాం. తేదీ ఇచ్చారు. అక్టోబరులో కుడికంటికి ఆపరేషను జరిగింది. కట్టు విప్పే ఉదయం మా మేనల్లుడు గది బయటే నిలబడిపోయాడు. నేను లోపల ఎదురుగా నిలబడ్డాను. ఎవరో ఒకరు నిలబడాలి కదా. డాక్టరమ్మ కట్టు విప్పి మెల్లగా తెరవమంది. అప్ప తెరిచి, గోడవైపు, కిటికీవైపు, తరువాత నావైపు చూసింది.

"సొక్కాకి గుండీ ఒకటి తప్పి ఎట్టుకున్నావు" అంది.

నేను ఆనందంతో ఏమి చేశానో వ్రాయవలసిన అవసరం లేదు. గుండీ సరిచేసుకొన్నాను.

టెకోమా పువ్వులు అప్పటికి ఎప్పుడో రాలిపోయాయి. నవంబరు వానలలో, దీపావళి అయిన తరువాత, గొడుగులు పట్టుకొని తోటకు వెళ్ళాం. చూడదగినవి ఏమీ లేవే అని నేను నొచ్చుకొంటున్నాను. అప్ప మండపంలో నిలబడి, తోట గోడకు పైన, చెట్లకు పైన, ఇపో చుట్టూ ఎప్పుడూ ఉండే తెల్లని సున్నపురాతి కొండల వైపు చూస్తూ అడిగింది: "ఆ కొండలు అంత దగ్గరున్నాయేటిరా? ఆ రాతి గోడ మీద సెట్టొకటి ఏలాడుతున్నాది, దానికి మన్ను ఎక్కడిది?" నలభై యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న నేను ఆ చెట్టును అప్పుడు మొదటిసారి చూశాను. తడిసిన తెల్లరాతి మీద అది పచ్చగా ఊగుతున్నది. అక్కడే నిలబడి ఇద్దరం దాని గురించి వాదించుకొన్నాం. నా భార్య విసుగెత్తి టీ తాగడానికి వెళ్ళిపోయింది.

ఎడమకంటికి తేదీని అప్ప తానే ఫోనుచేసి తీసుకొంది. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి. నేను ఈ మాటలు వ్రాస్తూండగా చెట్లు ఆకులు రాలుస్తున్నాయని నిన్ననే చూసి వచ్చాను. మనసు గేటు దగ్గరే ఉంది.

ఈ వ్రాతప్రతిని మొదట చదివినది మా అప్ప. మూడవ తరగతి తెలుగుతో, కిటికీ దగ్గర, ఎడమకంటిని చేత్తో మూసుకొని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటూ రెండు రోజులు చదివింది. టీపొడి వేసినది పోపులో కాదు, చారులో అంది. పడినది పెరటి మెట్టు మీద కాదు, వాకిలి మెట్టు మీద అంది. కొన్నిచోట్ల నేను ఒత్తులు వదిలివేసినవి కూడా చూపించింది. ఒత్తులు దిద్దాను. మెట్టు విషయం, పోపు విషయం మేనల్లుడు చెప్పినదే సరియని నా నమ్మకం కాబట్టి అలాగే ఉంచాను. ఒక కంటితో ఆమె ఇన్ని పట్టుకొంటే రెండు కళ్ళున్న మీరు ఇంకెన్నో పట్టుకోగలరు. ఈ చెట్ల స్వభావం గురించి నేను వ్రాసినది తెలిసినవారు సరిచూడాలి. కొత్త పువ్వు గురించిన కట్టడి మా ఇంటిదేనా, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇతర కుటుంబాలలోనూ ఉందా, ఉంటే అందులో చూపు కూడా చేరుతుందా అన్నది పెద్దలు తెలియజేయాలి. భాషలో, వరుసలో, వాస్తవంలో ఏ తప్పు కనబడినా మొగమాటపడక చెప్పవలసిందిగా చదువరులను కోరుతున్నాను. మా అప్ప ఎదుట చెప్పినా సరే. ఆమె నాకంటే ముందే ఒప్పుకొంటుంది.